గుడారానికి ద్వారబంధం

కండక్టరు ఉద్యోగంలో చేరబోయే పిల్లలెవరైనా వచ్చి సలహా అడిగితే టిక్కెట్ల గురించి, చిల్లర గురించి నేనేమీ చెప్పను. అవి పది రోజుల్లో వాటంతట అవే వస్తాయి. నేను చెప్పేది ఒక్కటే. సామాను దించేటప్పుడు మీరే టాపు ఎక్కండి. కింద నిలబడి వేలు చూపించకండి. ఎందుకని అడిగితే ఈ కథంతా చెప్పాల్సి వస్తుంది. అందుకే మా ఇంట్లో వాళ్లు ఎవరినీ నన్ను సలహా అడగనివ్వరు. మీరు మాత్రం దొరికారు, ఇక కూర్చోండి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందులకు పోయే ఒక ప్రైవేటు బస్సులో నేను కండక్టరును. మూతి ముందుకు పొడుచుకొచ్చిన పాత బస్సు. పొద్దున్నే ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గాని లేచేది కాదు. డ్రైవరు ప్రొద్దుటూరు సాయబు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను ఆయనను మామా అనేవాణ్ణి. ఆయన మామూలుగా నన్ను "అప్పా" అనేవాడు, కోపం వస్తే "కండక్టరు సార్" అనేవాడు. ఆ సార్ అనే మాట వినపడిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

మా రూటులో అందరికీ తెలిసిన ముసలి జంట ఒకటి ఉండేది. ఏడాదికి రెండు మూడు సార్లు మా బస్సు ఎక్కేవాళ్లు. వాళ్ల సామాను నాకు కంఠతా వచ్చు. ఒక గుడారం చుట్ట, ఒక రేకుపెట్టె, నాలుగు సత్తు గిన్నెలు, ఒక లాంతరు, ఒక తలుపు. తలుపంటే రెక్క ఒక్కటే అనుకోకండి. ద్వారబంధంతో సహా, కింద గడపతో సహా, ఇనుప గొళ్ళెంతో సహా. అసలైన నల్లమల టేకు. నలుగురు హమాలీలు ముక్కీ మూలిగీ తిట్టుకుంటే గాని టాపు మీదికి చేరేది కాదు.

పెద్దాయన క్రీస్తును నమ్మినవాడు. చక్రాయపేట వైపు భూములున్న రైతు కుటుంబం వాళ్లది. పెళ్లయిన కొత్తలో ఆయనకు లేచి బయల్దేరమని పిలుపు అందిందట. ఎక్కడికని ఈయన అడగలేదు, పిలిచినవాడు చెప్పలేదు. భూమిని అన్నదమ్ములకు వదిలేసి భార్యతో బయటపడ్డాడు. అప్పటి నుంచి ఒక ఊళ్లో నాలుగు నెలలు గుడారం వేయడం, చదువురాని వాళ్లకు అక్షరాలు నేర్పడం, సాయంత్రాలు బైబిలు కథలు చెప్పడం, మళ్లీ గుడారం చుట్టుకొని ఇంకో ఊరికి పోవడం. ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన కథ అబ్రాహాముది. ఆ ముసలాయన కూడా గుడారాల్లోనే బతికాడని, దేవుడు తానే పునాది తీసి కట్టే ఊరి కోసం ఎదురుచూశాడని చెప్పేటప్పుడు పెద్దాయన పెళ్లికొడుకులా ఉండేవాడు. నేను ఆ మతం వాణ్ణి కాదు. అయినా ఆ కథ పదిసార్లు విన్నాను, పదిసార్లూ బాగుంది.

ఇక తలుపు సంగతి. అది అవ్వది. పెద్దాయన భార్యను మేమంతా అవ్వ అనేవాళ్లం. కొత్త దంపతులు కట్టుకోబోయే ఇంటికని వాళ్ల నాయన టేకు తెప్పించి, వడ్రంగి పక్కనే కూర్చుని చేయించిన తలుపట. ఇల్లూ వద్దు, భూమీ వద్దు, పోదాం పదమని మొగుడు అన్నప్పుడు ఆమె ఒక్క మాట అడిగిందట, మా వైపు తలుపును వాకిలి అంటాం. "అన్నీ ఇడ్చిపెడతా. ఈ వాకిలి ఇడ్చను. మనకు దేవుడు ఇల్లు చూపిస్తాడంటివి గదా. చూపించినపొద్దు దానికి వాకిలి వద్దా?" పెద్దాయన తలుపును బండికి ఎత్తించాడు. ముప్పై ఏళ్లుగా ఎత్తిస్తూనే ఉన్నాడు.

అందువల్ల జరిగిందేమిటంటే, ఆ జిల్లా మొత్తంలో టేకు తలుపున్న గుడారం వాళ్లదొక్కటే. ద్వారబంధం నిలబెట్టి, రెండు పక్కలా రాళ్లు పేర్చి, గుడ్డ అంచులు దానికి మేకులతో బిగించేవాళ్లు. ఎనుములు, అదే గేదెలు, పక్క గుడ్డ ఎత్తుకుని లోపలికి దూరేవి గాని మనుషులు మాత్రం తలుపు గుండానే రావాలి. ఆ విషయంలో కలెక్టరు వచ్చినా అవ్వ ఒప్పుకోదు. ఇంకో విచిత్రం చెప్తాను. ఆమె నీళ్లకు పోయి వచ్చినా, పుల్లలకు పోయి వచ్చినా, లోపల ఎవరూ లేరని తెలిసినా, గొళ్ళెం మూడుసార్లు తట్టి, కాసేపు ఆగి, అప్పుడు తోసుకుని పోయేది.

నేనొకసారి ఉండబట్టలేక అడిగాను. "నీ ఇంటికి నువ్వే తట్టేది ఏందవ్వా?"

"ఇది నా ఇల్లని ఎవురు చెప్పినారబ్బీ? అసలింటికి పోయినపొద్దు గబుక్కున దూరిపోతే బాగుంటాదా? అందుకని తట్టేది నేర్చుకుంటాండా."

పెద్దాయన పక్క సీట్లో నుంచి అందుకునేవాడు. "దేవుడు కట్టే ఊర్లో వాకిండ్లు మూసేదే లేదని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? పగలూ రేయీ తెరిచే ఉంటాయి. తట్టేది యాల?"

"తెరిచుంటే మాత్రం? తట్టకుండా దూరేది కుక్క."

ఈ వాదన ప్రొద్దుటూరులో మొదలై ముద్దనూరు దాటినా తెగేది కాదు. బస్సు బస్సంతా రెండు జట్లయ్యేది. ఎవరింటికైనా తట్టి పోవడమే మర్యాదని ఆడవాళ్లు, దేవుడి మాట దేవుడిదని మగవాళ్లు. డ్రైవరు మామ ఎప్పుడూ అవ్వ పక్షమే. నేను టిక్కెట్లు కొడుతూ ఇద్దరి పక్షానా మాట్లాడేవాణ్ణి.

ఇప్పుడు నా ఘనకార్యం. ఆ రోజు నాకు కొత్త ఖాకీ కోటు వచ్చింది. ప్రొద్దుటూరు దర్జీ కొలతలు తీసి కుట్టినది. ఇత్తడి గుండీలు, జేబు మీద ఇత్తడి బిళ్ళ. ఇరవై రెండేళ్ల వయసు. ఆ కోటు వేసుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడితే ఎదురొచ్చే ఎడ్లబండ్లు నాకే దారి ఇస్తున్నాయని అనిపించింది. ఆ కోటుతో టాపు ఎక్కి దుమ్ము చేసుకుంటానా? ఎక్కను.

ఆ రోజు పొద్దున్నించీ తుంపర. ముసలి జంట ప్రొద్దుటూరులో ఎక్కారు, తొండూరుకు మకాం మారుస్తున్నారు. వాళ్ల తలుపు టాపు మీద టార్పాలిన్ కింద ఉంది. అదే టార్పాలిన్ కింద ఇంకో తలుపు కూడా ఉంది. జమ్మలమడుగులో బండలు కొట్టే పనివాడొకడు ఇల్లు కట్టుకుంటూ ప్రొద్దుటూరు ఆచారి దగ్గర చేయించుకున్న వేప తలుపు అది. దానికీ ద్వారబంధం ఉంది, దానికీ గడప ఉంది, రెండింటికీ గోనెపట్టా చుట్టి ఉంది. జమ్మలమడుగు బస్టాండులో నేను కింద నిలబడి, కోటు చేతులు విదిలించుకుని, వేలు చూపించాను. "ఆ వాకిలి దించండప్పా." పై నుంచి హమాలీ అడిగాడు. "ఏ వాకిలప్పా?" నేను వినలేదు. ఒక అమ్మాయి నా బిళ్ళ వైపు చూస్తున్నట్టు అనిపించి ఆ పనిలో ఉన్నాను. చేతికి దగ్గరున్నది వాళ్లు దించేశారు.

మామూలుగా ప్రతి స్టాపులోనూ అవ్వ కిటికీలోంచి తల బయటపెట్టి టాపు వైపు చూసేది. ఆ రోజు తుంపరకు గుడ్డ తెరలు దించి ఉన్నాయి, ఆమెకు ఏమీ కనపడలేదు. తొండూరులో దిగేసరికి పొద్దు కుంగుతోంది. సామాను గబగబా దింపించేసి రైట్ చెప్పి పులివెందులకు వెళ్లిపోయాను. నా కోటు మీద ఒక్క మరక లేదు.

మరుసటి రోజు పొద్దున పులివెందుల నుంచి తిరుగు ట్రిప్పు. తొండూరు దగ్గర రోడ్డు నడిమధ్య పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేయి ఎత్తలేదు, అరవలేదు, ఊరికే నిలబడ్డాడు. మామ బ్రేకు వేశాడు. రోడ్డు పక్క వేప తలుపు గోనెపట్టా విప్పి ఉంది. దాని పక్కన రాయి మీద అవ్వ మోకాళ్లు కట్టుకుని కూర్చుని ఉంది. గుడారం వేయనే లేదు.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. పెద్దాయన నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"నిన్న సాయంత్రం నుంచీ ముద్ద ముట్టలేదు. మాట్లాడనూ లేదు. నేను భూమి ఇడ్చినా, ఇల్లు ఇడ్చినా, నాకు పిలుపు వచ్చింది గాబట్టి ఇడ్చినా. ఆమెకు ఏ పిలుపూ రాలేదప్పా. నా మాట నమ్మి వచ్చింది. ఇల్లు ఉండాదని నేను చెప్పేది, వాకిలి ఉండాది గదా అని ఆమె అనేది. ఆ వాకిలి పోతే నా మాట పోయినట్లే. నువ్వు యాడ దించినావో ఆడికి మమ్మల్ని తోడుకొని పో."

ముప్పై ఏళ్లు ఆ తలుపును ఎగతాళి చేసిన మనిషి గొంతు అది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. డ్రైవరు మామ దిగి వచ్చి తలుపు చూశాడు, నన్ను చూశాడు. "కండక్టరు సార్, తమరు ఆ పక్క పట్టండి," అన్నాడు. నేనే భుజం పెట్టాను. టాపు ఎక్కేలోగా కోటు భుజం దగ్గర పర్రుమని చినిగింది. ఒక గుండీ రోడ్డు మీద పడి దొర్లిపోయింది. ఎవరూ ఏరలేదు.

అక్కడి నుంచి జమ్మలమడుగు దాకా మా బస్సు బస్సులా లేదు, పంచాయతీలా ఉంది. సింహాద్రిపురం రైతులు నలుగురు ఎక్కారు. వాళ్లు ముందే తీర్పు చెప్పేశారు, ఎవరి వస్తువు వాళ్లది, పీక్కోని రావల్సిందేనని. ప్రొద్దుటూరు కోర్టుకు పోయే వకీలు గుమాస్తా ఒకాయన గడియారం చూసుకుంటూ, ముందు నన్ను కోర్టు కాడ దించి తర్వాత మీ వాకిలి ఎతుక్కోండని గొణిగాడు. బుట్టలో కోడిపెట్టను పెట్టుకున్న ఒకామె ఆయనను నోరు మూసుకోమంది. అవ్వ మాత్రం పలకలేదు. ఆమె పలకని బస్సు నాకు అదే మొదటిసారి.

జమ్మలమడుగు బస్టాండులో హమాలీని పట్టుకుంటే చెప్పాడు. "బండల పనాయన నిన్ననే బండి కట్టుకొని తీస్కపోయినాడు. ఈ పొద్దు పొద్దున్నే వాకిలి నిలబెట్టే ముహూర్తమంట." ముహూర్తానికి ద్వారబంధం నిలబెట్టి, గడప కింద నవధాన్యాలు పోసి, పూజ చేశాక దాన్ని కదిలించడమంటే మా వైపు ఎవరూ ఒప్పుకోరు. ఆ ఇల్లు మళ్లీ లేవదంటారు. మామ ఇంత పొడుగు బస్సునూ ఊరి చివరి మట్టి సందులోకి తిప్పాడు. గుమాస్తా నెత్తి కొట్టుకున్నాడు.

అక్కడ కనిపించింది చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇల్లు లేదు. నేల మీద సున్నంతో గీసిన గీతలున్నాయి, పునాది రాళ్లు ఒక వరుస ఉన్నాయి. ఆ ఖాళీ స్థలం మధ్యలో, రెండు వాసాలు ఊతంగా పెట్టి, మా అవ్వ టేకు తలుపు నిలబడి ఉంది. పసుపు పూశారు, కుంకుమ బొట్లు పెట్టారు, మామిడాకులు కట్టారు. చుట్టూ ఒక్క గోడ లేదు. అచ్చం గుడారం ముందు నిలబెట్టినట్టే ఉంది. గాలికి కొట్టుకోకుండా రెక్క మూసి లోపలి నుంచి గడియ పెట్టారు. అటు వైపు, రేపు వంటిల్లు కాబోయే చోట, మూడు రాళ్ల పొయ్యి మీద పాలు పొంగిస్తున్న చప్పుడు.

బస్సులోని నలభై మందీ దిగారు. నేను ముందుగా నడిచి తలుపు పక్క నుంచి తిరిగి లోపలికి పోబోయాను, గోడ ఉంటే గదా. వెనక నుంచి ఎవరో నా చినిగిన కోటు పట్టి లాగారు. అవ్వ.

"యాడికి పోతాండావు? వాకిలి ఈడుంది గదా."

నిన్నటి సాయంత్రం నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అది. కొంగు సర్దుకుంది. గడప ముందు నిలబడి గొళ్ళెం మూడుసార్లు తట్టింది. ఎప్పటిలాగే ఆగింది.

లోపలి నుంచి ఒక ఆడగొంతు వినపడింది.

"ఎవురూ?"

అవ్వ అదిరిపడింది. చేయి గొళ్ళెం మీదే ఉండిపోయింది. నేను ఆమె ముఖం చూశాను. చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది.

"ఎవురది? వస్తాండా, వస్తాండా, రవ్వంత ఉండండి." అడుగుల చప్పుడు, గడియ తీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. బండల పనివాడి భార్య, చెంపకు మసి, చేతిలో గరిటె. ముసలామెను చూసి, వెనక నలభై మందిని చూసి, ఎవరని మళ్లీ అడగలేదు. "రామ్మా, లోపలికి రా. మొదట నువ్వే వచ్చినావు," అని చేయి పట్టుకుని గడప దాటించింది. సున్నం గీతల మధ్య చాప వేసి కూర్చోబెట్టి, పొంగిన పాలు మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చింది.

అప్పటికి ఇంటాయన వచ్చాడు. బస్సు మీద వేప తలుపు చూశాడు, నా ముఖం చూశాడు. తెలివైనవాడు, అంతా అర్థం చేసుకున్నాడు. "నేను అనుకుంటానే ఉండా. ఆచారి వేపకు ఒప్పుకొని టేకు పంపినాడేంది, ఇంత మంచోడు ఎప్పుడయినాడని," అంటూ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అవ్వా, తప్పయింది. నీ వస్తువు నీది. ముహూర్తం పోతే పోనీ, నేనే పీకిస్తా."

ఆయన భార్య గరిటె పక్కన పెట్టింది. పదేళ్లుగా వాళ్లు గని దగ్గర నాలుగు బండలు ఒకదానికొకటి ఆనించుకుని, వాటి కింద పిల్లలను పెట్టుకుని బతికారని తర్వాత తెలిసింది. ఆమె ఊరికే వెళ్లి ద్వారబంధం మీద చేయి పెట్టి నిలబడింది. అడ్డం పడటానికి కాదు. వదలలేక. బస్సులో అంత గట్టిగా తీర్పు చెప్పిన సింహాద్రిపురం రైతులు నేల చూపులు చూస్తున్నారు.

పెద్దాయన అవ్వ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "నీ ఇష్టం. నువ్వు ఎట్లంటే అట్ల."

అవ్వ పాలగ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంది. తర్వాత నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక, భుజాలు కదిలేలా నవ్వింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. మాకందరికీ అంటుకుంది. ఎందుకో తెలియకుండానే నలభై మందీ నవ్వుతున్నాం, గుమాస్తాతో సహా.

"ముప్పై ఏండ్లు తట్టినా," అంది మొగుడితో. "ఒక్కరన్నా ఎవురని అడిగినారా? ఈ పొద్దు అడిగినారు. ఇన్యావా నువ్వు? ఎవురూ అని అడిగినారు, లోపలికి రా అన్నారు."

"ఇన్యాలే," అన్నాడు పెద్దాయన.

"నీ మాట నిజమే అబ్బా. ఇల్లు ఉండాది. ఈ వాకిలికే ఇల్లు దొరికినాక నాకు దొరకదా?" అని అవ్వ ఇంటామె వైపు తిరిగింది. "చెయ్యి తియ్యమ్మా, ఎవురూ పీకరు. ఇది నీ వాకిలే. మోసి మోసి ఈ హమాలీల నడుములు ఇరిగినాయి."

ఇంటాయన వేప తలుపైనా తీసుకుపొమ్మని బతిమాలాడు. అవ్వ ససేమిరా అంది. అది వాళ్ల పెరటి తలుపైంది. బస్సు బస్సంతా పాయసం తాగింది. గుమాస్తా రెండు గ్లాసులు తాగాడు. ప్రొద్దుటూరు ఎంత ఆలస్యంగా చేరామంటే, బస్సు యజమాని బస్టాండులోనే నిలబడి ఉన్నాడు. యాడ చచ్చినారని అడిగితే మామ తాపీగా చెప్పాడు. "వాకిలి కాడ ఆగినాం సార్, తెరిచినాక వచ్చినాం."

ఆ తర్వాత వాళ్ల గుడారం ముందు ఊరికే ఒక గుడ్డ తెర వేలాడేది. అవ్వ తెర ముందు నిలబడి గాలిలోనే మూడుసార్లు తట్టేది, తనకు తానే నవ్వుకునేది. టాపు మీద ఆ బరువు లేక హమాలీలు పండగ చేసుకున్నారు. టాపు ఎక్కినప్పుడల్లా నాకు మాత్రం చేతులు ఊరికే ఉన్నట్టు అనిపించేది. జమ్మలమడుగు పొలిమేరలో ఆ ఇల్లు లేచింది, బండల మిద్దె. రోడ్డు మీదికే కనపడేది. వాళ్లు బస్సులో ఉన్న ప్రతిసారీ మామ అక్కడ హారన్ కొట్టేవాడు. ఇంటామె తలుపు తెరిచి చేయి ఊపేది. అవ్వ కిటికీలోంచి సగం బయటికి వేలాడి ఊపేది. పడిపోతావని నేను తిట్టేవాణ్ణి.

కొన్నేళ్లకు, హైదరాబాదు మనకు రాజధాని అయ్యాక, ఒకరోజు తొండూరులో పెద్దాయన ఒక్కడే ఎక్కాడు. గుడారం చుట్ట, రేకుపెట్టె. నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. సింహాద్రిపురంలో అవ్వకు రెండు రోజుల జ్వరం. నొప్పి లేకుండా పోయిందట. నేను టిక్కెట్టు కొట్టడం మరిచిపోయి ఆయన పక్కనే కూర్చున్నాను.

ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి మామ అలవాటు కొద్దీ హారన్ కొట్టాడు. పెద్దాయన ఆపమన్నాడు. దిగి వెళ్లి గొళ్ళెం మూడుసార్లు తట్టాడు. ఆయన తట్టగా నేను చూడటం అదే మొదటిసారి. లోపలి నుంచి ఎప్పటి గొంతే వినపడింది. ఇంటామె తలుపు తీసి, ఆయన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఆయన ఏదో చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దాయన తిరిగి వచ్చి సీట్లో కూర్చున్నాడు. తర్వాత అన్నాడు. "ఆడ వాకిండ్లే మూయరని ముప్పై ఏండ్లు ఆమెతో కొట్లాడినా కండక్టరూ. ఇప్పుడు ఒక్కటన్నా మూసి ఉండల్లని దేవునికి మొక్కుకుంటాండా. ల్యాకుంటే పాపం, ఆమె యాడ తట్టల్ల?"

"మూసే ఉంటాదిలే పెద్దాయనా," అన్నాను. "ఎవురూ అని గూడా అడిగింటారు."

మామ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "అడిగేది యాల? ముప్పై ఏండ్లుగా ఇనే సప్పుడే గదా లోపలోళ్లకు. తట్టంగానే తెల్సిపోయుంటాది."

"లేదు సాయబూ, అడగల్ల," అన్నాడు పెద్దాయన. కళ్లు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టాడు, అవ్వ నవ్వినట్టే, భుజాలు కదిలేలా. "తెల్సినా అడగల్ల. ఆమెకు అదే ఇష్టం."

నేను రైట్ చెప్పాను.